చెయ్యి నిలబడేంత

మాల వేసుకున్న మూడో రోజు పొద్దున రాజేంద్ర చేతులు గాలిలో పోగులు అతకడం మొదలుపెట్టాయి.

అరుగు మీద గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఒంటి మీద చొక్కా లేదు. మెడలో పాండురంగడి తులసిమాల. నుదుట పెట్టిన గంధం చెమటకు కారి కనుబొమల మీదికి దిగింది. ఎడమచేతి రెండు వేళ్ళతో లేని పోగునొకదాన్ని ఎత్తి పట్టుకుంటున్నాడు. కుడిచేత్తో ఇంకొకటి వెతికి తెస్తున్నాడు. రెండు కొసలూ కలిపి, బొటనవేలి కింద ఒక్క మెలి తిప్పి వదిలేసి పక్కదానికి పోతున్నాడు. కళ్ళు మాత్రం ఎదురుగా ఉన్న మనుషుల్లో ఎవరినీ చూడటం లేదు.

ఎదురింటి హనుమక్క కసవు ఊడ్చేది ఆపి, చీపురు కింద పడేసి వచ్చింది.

"అయ్యో నా తండ్రీ. స్వామికి మాల గుచ్చుతాండాడు చూడండి" అంది చేతులు జోడించి.

ఆ మాట వీధి చివరిదాకా పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ధర్మవరంలో ఆ వీధిలో ఇంటికొక మగ్గం. పొద్దున ఏడయ్యేసరికి అన్ని మగ్గం గుంటల్లోంచీ నేత పలక దెబ్బలు వినపడాలి. ఆ రోజు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రాజేంద్ర తల్లి భద్రమ్మ కర్పూరం వెలిగించింది. ఎవరో టెంకాయ తెచ్చారు. తిప్పయ్య స్వామిని పిలుచుకొచ్చారు. తాగుడు మానాలనుకునే మగవాళ్ళకు ఏకాదశి నాడు మాల వేసేది ఆయనే. ఇరవై ఏళ్ళ కిందట తనూ ఆ మాలతోనే మానినవాడు. ఆయన రాజేంద్ర ముందు గొంతుక్కూర్చుని కాసేపు చూశాడు.

"ఎవురూ తాకద్దండి. స్వామి దిగేదాకా అట్లే ఉండనీండి" అన్నాడు.

"ఎరుపు అయిపోయింది" అన్నాడు రాజేంద్ర ఉన్నట్టుండి. "ఎర్రది తే. ఎర్రది తెమ్మంటే."

భద్రమ్మ పరుగెత్తి కుంకుమ పళ్ళెం తెచ్చి కొడుకు ముందు పెట్టింది. ఆడవాళ్ళు వంగి కళ్ళకద్దుకున్నారు.

చంద్రిక గడపలోనే నిలబడిపోయింది. పూలు గుచ్చే చెయ్యి అట్లా మెలి తిప్పదని ఆమెకు తెలుసు. పన్నెండేళ్ళుగా ఆ చేతుల పక్కన కూర్చుని పట్టు దారం కండెలకు చుట్టింది. ఆయన అతుకుతున్నది అచ్చు. అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు కొసలు, వేల పోగులు, ఒక్కొక్కటే. ఆయన అడుగుతున్నది కుంకుమ కాదు, అంచుకు కావలసిన ఎర్ర పట్టు.

ఆమెకు తెలిసింది ఇంకొకటి ఉంది. అది ఆ గుంపులో ఇంకెవరికీ తెలియదనుకుంటోంది.

మూడేళ్ళుగా ప్రతి పొద్దునా ఐదు గంటలకు, అత్త లేచి కుళాయి దగ్గరికి పోయిన సమయంలో, చంద్రిక రాగుల మూట వెనక నుంచి బ్రాందీ సీసా తీసి మొగుడికి ఒక గ్లాసు పోసిచ్చేది. మత్తు కోసం కాదు. అది లేకపోతే ఆయన గుంటలోకి దిగలేడు. దిగినా పడుగు మధ్యకు నాడె విసిరిన ప్రతిసారీ చెయ్యి అదిరి పోగులు తెగేవి. గ్లాసు లోపలికి పోయిన పావుగంటకు ఆ వేళ్ళు మళ్ళీ పాత వేళ్ళయ్యేవి. చెయ్యి నిలబడేంత, అంతే. అంతకు మించి ఒక చుక్క పోయనని ఆమె తనకు తాను చెప్పుకునేది. సాయంత్రం ఆయన బయట తాగి వస్తే నలుగురి ముందూ తిట్టేది కూడా ఆమే.

మాల వేసుకుంటానని ఆయనే అన్నాడు. ఆ రోజు చంద్రిక తలంటుకుని పాండురంగడి ముందు నిలబడి, ఆయనతో పాటు నేనూ పోయడం మానేస్తాను స్వామీ అనుకుంది. సోమవారం చేతులు అదిరాయి. మంగళవారం నీళ్ళు కూడా కడుపులో నిలవలేదు, రెప్ప వాలలేదు. "మొదట్లో అట్లనే ఉంటాది. పరీక్ష పెడతాడు" అన్నాడు తిప్పయ్య. బుధవారం ఇది.

చంద్రిక లోపలికి పోయింది. రాగుల మూట జరిపింది. సీసాలో ఇంకా నాలుగు వేళ్ళ ఎత్తు ఉంది. గ్లాసులో పోసి కొంగు కింద పట్టుకుని తలుపు దాకా వచ్చింది. ఒక్క గుక్క పోస్తే ఆ చేతులు ఆగుతాయి. మూడేళ్ళలో ఒక్క రోజు కూడా ఆగకుండా పోలేదు. కానీ మెడలో మాల ఉంది, చుట్టూ పాతిక మంది ఉన్నారు, అందరి చేతులూ జోడించి ఉన్నాయి. ఆమె తలుపు రెక్క వెనక నిలబడింది.

బయట దబ్బుమని చప్పుడైంది. తరువాత హనుమక్క గొంతు, "పట్టుకోండప్పా, పట్టుకోండి."

రాజేంద్ర అరుగు మీద నుంచి కిందికి పడ్డాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. నోట్లోంచి నురగ, నురగలో రక్తం. పళ్ళ మధ్య నాలుక తెగింది. కుంకుమ అంతా ఆయన వీపు కింద నలిగింది.

"స్వామి దిగుతాండాడు" అన్నారెవరో.

చంద్రిక గుంపును తోసుకుంటూ వచ్చింది. గ్లాసు ఎక్కడ ఒలికిందో ఆమెకు తెలియలేదు. చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకు అంటుకున్నాయి.

"బసప్పన్నా, నీ జీపు తీ" అంది. "అనంతపురం పోవాల."

"మాల మీదుండాడు, యాడికి తీస్కపోతావు?" అని భద్రమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"చచ్చిపోతాడత్తా."

"నోరు మూసుకో."

పక్కింటి బసప్ప ఇద్దరి ముఖాలూ చూశాడు. తరువాత రాజేంద్ర నోటి దగ్గర మట్టిలో ఇంకుతున్న రక్తం చూశాడు. జీపు తాళాలు తీశాడు.

దారి పొడుగునా ఎండిన చేలు. వేరుశనగ వేసి వాన రాక వదిలేసిన సాళ్ళు. జీపు వెనక భద్రమ్మ కొడుకు తల ఒళ్ళో పెట్టుకుంది, చంద్రిక కాళ్ళు పట్టుకుంది. రాప్తాడు దాటుతుండగా భద్రమ్మ ముక్కు ఎగబీల్చింది.

"నీ మీద ఆ వాసనేంది?"

చంద్రిక తడిసిన కుచ్చిళ్ళు వెనక్కి లాక్కుంది. అత్త మళ్ళీ అడగలేదు.

*

పెద్దాసుపత్రిలో మతి సంబంధమైన జబ్బులు చూసే డాక్టరు చిన్నవాడు. మాట కోస్తా వైపుది. రాజేంద్ర కనురెప్పలు ఎత్తి చూశాడు, నాడి పట్టాడు, గాలిలో కదిలే వేళ్ళను కాసేపు అట్లాగే చూస్తూ నిలబడ్డాడు.

"ఏం పని చేస్తాడమ్మా?"

"మగ్గం నేస్తాడు సార్" అంది చంద్రిక.

డాక్టరు తల ఊపాడు. "రోజుకి ఎంత తాగుతాడు?"

"ఎప్పుడన్నా ఒక గుక్క సార్" అంది భద్రమ్మ ముందుకు వచ్చి. "జతగాళ్ళు బలవంతం చేస్తే. అది గూడ మాల వేసుకొని మానేసినాడు. స్వామి పూనితే ఈయమ్మ భయపడి ఈడికి ఎత్తుకొచ్చింది."

"ఎప్పుడో ఒక గుక్క తాగేవాడు మానేస్తే ఇలా అవదమ్మా. అదే నిజమైతే ఇది ఇంకేదో జబ్బు. మెదడు జ్వరం కావచ్చు. ఇక్కడ కాదు, బెంగుళూరు పంపించాలి. దారిలో మళ్ళీ ఫిట్స్ వస్తే నేను చెప్పలేను." ఆయన కాగితం మీద ఏదో రాయబోయి ఆగాడు. "మళ్ళీ అడుగుతున్నాను. రోజుకి ఎంత?"

తలుపు దగ్గర బసప్ప ఉన్నాడు. పక్క మంచం దగ్గర వాళ్ళెవరో ఇటే చూస్తున్నారు.  ఈ మాట ఇక్కడ అంటే సాయంత్రానికి వీధిలో ఉంటుంది.

"పొద్దున ఐదు గంటలకు ఒక గ్లాసు సార్" అంది. "పెద్ద గ్లాసు. నీళ్ళు కలపకుండా. దినామూ."

"మీకెలా తెలుసు?"

"నేనే పోస్తా."

డాక్టరు మొహంలో ఏ మార్పూ లేదు. "ఎన్నాళ్ళుగా?"

"మూడేండ్లు. సాయంత్రం బయట తాగొస్తాడు, అది ఎంతో తెలీదు. ఆదివారం పొద్దున పోసిందే ఆఖరు."

భద్రమ్మ కోడలి వైపు తిరిగింది. కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండునని చంద్రికకు తరువాత చాలాసార్లు అనిపించింది.

"కట్టుకున్నోనికి నీ చేత్తో పోసినావా" అంది భద్రమ్మ. "విషం పోసినా ఒక దినంలో పోయుండు."

రాజేంద్రకు సూది వేశారు. మణికట్లు గుడ్డ పట్టీలతో మంచానికి కట్టారు. నర్సు ఆయన మెడలోని మాల తీసి కాగితంలో చుట్టి ఇచ్చింది. కట్టిన చేతుల చివర వేళ్ళు మాత్రం అతుకుతూనే ఉన్నాయి. దుప్పటి కింద కాళ్ళు కూడా ఒకటి మార్చి ఒకటి తొక్కుతున్నాయి. చంద్రిక ఆ పాదాల మీద చెయ్యి వేసి కూర్చుంది. చెయ్యి కింద మగ్గం నడుస్తున్నట్టే ఉంది.

బసప్ప సాయంత్రం జీపు తీసుకుని వెళ్ళిపోయాడు. భద్రమ్మ వరండాలో కూర్చుని వచ్చిన వాళ్ళకూ పోయిన వాళ్ళకూ చెప్పింది. పక్క మంచం రోగి భార్యకు చెప్పింది, ఊడ్చేందుకు వచ్చిన ఆమెకు చెప్పింది, కంబదూరు నుంచి తమ్ముణ్ణి తెచ్చుకున్న ముసలాయనకు చెప్పింది. నా కోడలు నా కొడుక్కు మూడేండ్లు పోసింది, నాకు తెలీకుండా పోసింది, నా ఇంట్లోనే. ముసలాయన చంద్రిక వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. చంద్రికకు కోపం రాలేదు. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

*

మరునాటికి తగ్గుతుందన్నారు. తగ్గలేదు. గురువారం పొద్దునకు రాజేంద్ర ఒళ్ళు కాలిపోతోంది. మంచం ఊగేటట్టు గుంజుకుంటున్నాడు. గోడ మీద పురుగులు పట్టు తినేస్తున్నాయని అరిచాడు. చంద్రికను చూసి, "ఎవురమ్మా నువ్వు, మగ్గం మింద నుంచి దిగు" అన్నాడు.

డాక్టరు మూడుసార్లు వచ్చి చూశాడు. మూడోసారి ఇద్దరినీ తన గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. భద్రమ్మ నిలబడే ఉంది.

"చూడండమ్మా. ఒళ్ళు అలవాటుపడిన సారాయి ఒక్కసారిగా ఆగిపోయింది. దాని బదులు మేం మందు ఇస్తాం, మెల్లగా తగ్గిస్తాం. ఈవిడ చెప్పిన లెక్కకి నేనిచ్చిన మందు సరిపోవాలి. సరిపోవడం లేదు. ఇంకా పెంచాలంటే నాకు భయం. ఎక్కువైతే ఊపిరి ఆగిపోవచ్చు. పెంచకపోతే ఆ గుండె ఈ గుంజులాటను తట్టుకోలేదు." చంద్రిక వైపు తిరిగాడు. "మీరు తక్కువ చెప్పారా?"

"లేదు సార్. దేవుని తోడు."

"ఇంకెక్కడన్నా తాగేవాడా? పగలు?"

"పగలు మగ్గం మింద నుంచి లేయడు సార్. ఇంట్లోనే ఉంటాడు. యాడికీ పోడు."

డాక్టరు కలం బల్ల మీద పెట్టాడు. కిటికీ బయట నీళ్ళ ట్యాంకరు ఆగినట్టుంది, బిందెల చప్పుడు వినపడుతోంది. భద్రమ్మ కిటికీ వైపే చూస్తూ ఉంది. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ చుట్టుకుంటోంది.

"మధ్యాన్నం నేను పోస్తా" అంది.

చంద్రికకు మొదట ఆ మాట ఎవరన్నారో అర్థం కాలేదు.

"ఈయమ్మ పట్టు తెచ్చేకి షావుకారింటికి పోతాది గదా, అప్పుడు." భద్రమ్మ గొంతు ఒక్క తీరుగా ఉంది, ఎవరి సంగతో చెప్తున్నట్టు. "అన్నం తిన్నాక చేతులు వణుకుతాయి వానికి. ఒకదినం కండె నాడెలో పెట్టలేక గుంటలో కూకొని ఏడ్సినాడు సార్. ముప్పై ఏండ్లోడు. నేను చూల్లేకపోతి. వాళ్ళ నాయన మిగిల్చిన సీసా ఒకటి ఉండె ఇంట్లో. ఆ పొద్దు మొదలు."

"ఎప్పటి నుంచి?"

"ఐదేండ్లయితాది."

"ఎంత?"

ఆమె బల్ల మీది నీళ్ళ గ్లాసు తీసుకుని వేలితో ఎత్తు చూపించింది. ముప్పాతిక భాగం.

"అంతేనా?"

"దీపాలు పెట్టే పొద్దుకు ఇంకొకటి" అంది భద్రమ్మ. "బయటికి పోయి తాగి పడిపోతాడేమో అని."

డాక్టరు ఆమెను తిట్టలేదు. అంకెలు రాసుకున్నాడు, నర్సును పిలిచాడు, ఏదో చెప్పి పంపాడు. తరువాత ఇద్దరి వైపూ చూశాడు.

"మీకొకరి సంగతి ఒకరికి తెలీదా?"

 ఆ ఇల్లు ఎంతని. ముందు మగ్గం, వెనక పొయ్యి, మధ్యలో చాప పరుచుకునేంత చోటు. మధ్యాహ్నం షావుకారింటి నుంచి వచ్చేసరికి మొగుడి దగ్గర వాసన వేస్తే, అది తను పొద్దున పోసిందేనని చంద్రిక అనుకునేది. పొద్దున వాసన వేస్తే అది రాత్రిదేనని భద్రమ్మ అనుకుని ఉంటుంది. మూడేళ్ళు ఒకరి వాసన చాటున ఒకరు దాక్కున్నారు.

గదిలోంచి బయటికి వచ్చాక భద్రమ్మ వరండాలో తన పాత చోటులో కూర్చోలేదు. వార్డులోకి పోయి మంచానికి ఆ పక్క కింద కూర్చుంది. చంద్రిక ఈ పక్క కూర్చుంది. మధ్యలో కట్టిన చేతులు.

*

శనివారం మధ్యాహ్నం వేళ్ళు ఆగాయి.

ఆదివారం రాజేంద్ర కళ్ళు తెరిచి చాలాసేపు పైకప్పు చూశాడు. "అచ్చు అయిపోయిందా?" అని అడిగాడు. నాలుక వాచి మాట ముద్దగా వచ్చింది.

"అయిపోయింది" అంది చంద్రిక.

"ఎవురతికినారు?"

"నువ్వే."

మంగళవారం ఇంటికి పంపిస్తూ డాక్టరు మాత్రలు ఎప్పుడెప్పుడు వేయాలో చెప్పాడు. అనంతపురంలో ప్రతి గురువారం తాగుడు మానిన వాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడతామన్నాడు. ముగ్గురూ రావాలన్నాడు.

"మేమెందుకు సార్?" అంది చంద్రిక. "తాగేది ఆయప్ప గదా."

"మీరు రాత్రి పూర్తిగా నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

ఆమె నవ్వబోయింది. మూడేళ్ళుగా నాలుగు గంటలకే మెలకువ వచ్చేస్తుంది. చీకట్లో పక్కన పడుకున్న మనిషి వేళ్ళు చాప మీద టకటకమంటున్నాయా అని చెవి పెట్టి వినడం, ఐదెప్పుడవుతుందా అని చూడటం. ఆసుపత్రిలో కట్టిన చేతుల పక్కన కూర్చున్నప్పుడు కూడా నాలుగింటికి ఒళ్ళు అదే లేచింది. దాన్ని ఎవరితో చెప్పాలో, అది చెప్పుకునే సంగతి అవునో కాదో ఆమెకు తెలియలేదు. నవ్వు పూర్తి కాకుండానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె తల వంచుకుంది.

"గురువారం రండి" అన్నాడు డాక్టరు. "మందు నా చేతిలో ఉంది. పోయకుండా ఉండటం మీ ఇద్దరి చేతుల్లో ఉంది. అడుగుతాడు. అడగకుండా ఉండడు."

వీధిలోకి వచ్చేసరికి సంగతి వాళ్ళకంటే ముందే వచ్చి కూర్చుని ఉంది. బసప్ప విన్నంతవరకే వచ్చింది.

"ఏమమ్మా చంద్రికా" అంది హనుమక్క అరుగు మీద నుంచే. "మేమంతా స్వామి అనుకొని టెంకాయలు కొడ్తిమి. నీ చేతి మహిమంట గదా. బలే ఇల్లాలివమ్మా. మా ఆయనకు నేను మజ్జిగ పోసేకే బద్ధకిస్తా."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. భద్రమ్మ జీపు దిగి, కొడుకు భుజం పట్టుకుని, ఆ నవ్వుల మధ్య నుంచే లోపలికి నడిచింది. ఒక్క మాట అనలేదు. చంద్రిక ఆ ఒక్క మాట కోసం గడప దాకా చూసింది. తరువాత జీపులోని మూటలు దింపుకుంది.

సాయంత్రం తిప్పయ్య వచ్చాడు. ఆయన కూడా తిడతాడనుకుని చంద్రిక కాగితంలో చుట్టిన మాల తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని తాకలేదు. నిద్రపోతున్న రాజేంద్ర వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నేను మానిన పొద్దు గూడ ఇట్లనే అయింది" అన్నాడు చివరికి. "గోడల నిండా చీమలు కనపడె. మా యమ్మ యాపమండలతో కొట్టె. సావలేదు గాబట్టి దేవుడు కాపాడినాడనుకొంటి." మాల వైపు చూసి, "నా చేత మాల ఏసుకున్నోళ్ళలో ఒకడు సచ్చిపోయినాడమ్మా. యాడికి అనే ఊరోడు. నాలుగో దినం. వాడు దొంగతనంగా తాగినాడు, స్వామి కొట్టినాడని అందరితో చెప్తి నేను" అన్నాడు.

లేచేటప్పుడు గోడ పట్టుకుని లేచాడు. డాక్టరు పేరు రాసిమ్మని అడిగాడు. చంద్రిక మందుల చీటీ మీది పేరు చూసి, ఒక కాగితం ముక్క మీద రాసిచ్చింది.

ఆ రోజే ఆమె రాగుల మూట వెనక సీసా తీసి, మిగిలింది కాలువలో పోసి, సీసా పగలగొట్టింది. అత్త సీసా ఎక్కడుందో ఆమెకు తెలియదు. అడగలేదు. పొయ్యి దగ్గర, దేవుడి గూట్లో, అత్త పాత చీరల మూటలో, ఎక్కడైనా ఉండొచ్చు. పడుకున్నాక కూడా ఆమె కళ్ళు ఆ ఇంట్లో ఒక్కో మూలనే వెతుకుతూ ఉన్నాయి. పక్క చాప మీద అత్త కూడా కదులుతూనే ఉంది.

*

బుధవారం పొద్దున రాజేంద్ర గుంటలోకి దిగాడు. దిగొద్దని ఇద్దరూ అన్నారు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోందన్నాడు.

వేళ్ళు ఇదివరకంత అదరడం లేదు, కానీ ఆ సన్న పోగులకు అంత అదురు కూడా ఎక్కువే. నాడె విసిరితే దారి తప్పి పోగుల మధ్య దూరింది. నాలుగు తెగాయి. ముడి వేశాడు. పలక లాగాడు, ఇంకో రెండు తెగాయి. చంద్రిక చూడనట్టు రాట్నం తిప్పుతోంది. భద్రమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, ఏరినవే మళ్ళీ ఏరుతోంది. పది దాటేసరికి ఆయన చెమటతో తడిసిపోయాడు. నేత జానెడు కూడా నడవలేదు.

"చంద్రీ" అన్నాడు. "రోంత. ఈ పొద్దుకే. చెయ్యి నిలబడేంత."

అది ఆమె మాటే. మూడేళ్ళు ఆమె తనకు తాను చెప్పుకున్న మాట. ఆమె రాట్నం ఆపింది.

"లేదు" అంది. "పారబోసినా."

అప్పుడే వీధిలో ట్యాంకరు హారను మోగింది. వారం తరువాత వచ్చిన మంచినీళ్ళు. ఇంట్లో తాగడానికి అర బిందె కూడా లేదు. చంద్రిక లేచి రెండు బిందెలు తీసుకుంది. గడప దగ్గర ఆగి వెనక్కి చూసింది. అత్త బియ్యం చాట మీద వంగి ఉంది. ఇల్లు ఆ ఇద్దరికీ వదిలి పోవాలి. పోకపోతే నీళ్ళు లేవు. చాలాసేపు నిలబడలేదు కానీ, ఆ నిలబడిన కాసేపట్లోనే వరుసలో ఆమె ముందు పదిహేను బిందెలు చేరాయి.

వరుసలో హనుమక్క ఏవో ఎత్తిపొడుపు మాటలంది. చంద్రికకు చెవికెక్కలేదు. ఆమె ప్రాణం ఇంట్లో ఉంది. ఈపాటికి మొగుడు అడిగి ఉంటాడు. ఈపాటికి అత్త లేచి ఉంటుంది. ఈపాటికి అయిపోయి ఉంటుంది. ట్యాంకరు పైపు ఆమె బిందెలోకి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. రెండో బిందె నిండకుండానే తీసేసుకుని, ఒకటి నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని, వాసన ఎలా ఉంటుందో ముందే ముక్కుకు తెలుస్తుండగా ఇంటి వైపు నడిచింది.

భద్రమ్మ వీధిలో ఉంది.

అరుగు మీద కాదు, అరుగు నీడలోనూ కాదు. నడివీధిలో, ఎండలో, చెప్పులు లేకుండా నిలబడి ఉంది. పాదాలు మార్చి మార్చి ఎత్తుతోంది. రవికె వీపున తడిసి అంటుకుపోయింది. ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల మగ్గం చప్పుడు లేదు.

చంద్రిక వెనకే నీళ్ళు తెచ్చుకుంటున్న హనుమక్క ముందుగా అడిగింది. "ఏం పెద్దమ్మా, ఎండలో నిలబడినావు? మతి గాన పోయిందా?"

"లోపల వాడు అడుగుతాండాడు" అంది భద్రమ్మ. హనుమక్కకే చెప్పింది, వీధికంతా వినపడేటట్టు చెప్పింది. "ఇంట్లో ఉంటే పోస్తా నేను. ఐదేండ్లు పోసినా. నా కోడలు ఒక గ్లాసు పోస్తే నేను రెండు పోసినా."

హనుమక్క నోరు తెరిచింది, మూసుకుంది. ఆమె బిందెలోంచి నీళ్ళు తొణికి మట్టిలో పడ్డాయి.

చంద్రిక అత్త దగ్గరికి వచ్చి బిందెలు దింపింది. "ఎంత సేపయింది?"

"నువ్వు పోయిన్నుంచి."

"ఇంకా ఉండాదా ఇంట్లో?"

"అర సీసా. యాడుందో వానికి తెలీదు. నాకు తెలుసు. అందుకే బయటికొచ్చినా."

"యాడుండాదో చెప్పత్తా, నేను పారబోస్తా."

భద్రమ్మ కోడలి మొహంలోకి చూసింది. ఆ ముసలి కళ్ళలో కోపం లేదు. ఇద్దరూ ఒకే పని చేసిన వాళ్ళ చూపు అది.

"నీకు చెప్పను" అంది. "చెప్తే నువ్వు పోస్తావు."

చంద్రిక కాదనబోయింది. కాదనలేకపోయింది. లోపలి నుంచి "అమ్మా" అన్న పిలుపు వచ్చింది. కాసేపటికి "చంద్రీ" అని. ఆ గొంతు విని భద్రమ్మ పాదం ఇంటి వైపు కదిలింది. చంద్రిక ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టుకోవడమే కాదు, తనూ పోకుండా ఉండేందుకు గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ అట్లా ఎండలో నిలబడ్డారు. అరుగుల మీద జనం చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. లోపలి నుంచి మళ్ళీ పిలుపు రాలేదు.

చాలాసేపటికి రాజేంద్ర గడప దాకా వచ్చాడు. రెండు చేతులతో ద్వారబంధం పట్టుకున్నాడు. పట్టుకున్నా ఆ చేతులు అదురుతూనే ఉన్నాయి. వీధిని చూశాడు, తల్లి కాళ్ళను చూశాడు, వాళ్ళిద్దరి కలిసిన చేతులు చూశాడు.

"లోపలికి రాండి" అన్నాడు. "అడగను."

ఇద్దరూ కదలలేదు.

"ఈ పూటకు అడగను" అన్నాడు.

చంద్రిక వంగి బిందె ఎత్తుకుంది. భద్రమ్మ మాత్రం ఇంకా కాసేపు అక్కడే నిలబడింది.